సొరచేప పన్ను చెప్పిన సాక్ష్యము: నికొలాస్ స్టెనో జీవితము

విజ్ఞానశాస్త్ర చరిత్రలో కొన్ని పేర్లు అందరి నోట నానుచుండును. గెలీలియో అనగానే దూరదర్శిని, న్యూటన్ అనగానే గురుత్వాకర్షణ, డార్విన్ అనగానే పరిణామవాదము మన మనస్సునకు తోచును. భూమిని గూర్చి మానవుడు ఆలోచించు తీరునే మార్చివేసి, మన పాఠ్యగ్రంథములలో మాత్రము రెండు మూడు వాక్యములకు పరిమితమైన వారు మరికొందరు కలరు. అట్టి వారిలో నికొలాస్ స్టెనో ఒకడు. ఒక సొరచేప తలను కోసి చూచి, దాని పండ్లకును కొండలలో దొరకు వింత రాళ్ళకును గల సంబంధమును నిరూపించి, ఆ చిన్న ఆధారముతో భూమి చరిత్రను చదువు పద్ధతిని లోకమునకు నేర్పిన ఆ మహనీయుని జీవితమును మా విద్యార్థి మిత్రులకు పరిచయము చేయదలచినాము.

స్టెనో అసలు పేరు నీల్స్ స్టెన్సెన్. ఆనాటి ఐరోపా పండితులు లాటిన్ భాషలో గ్రంథములు వ్రాయుచు, తమ పేర్లను కూడ ఆ భాషకు అనుగుణముగా మార్చుకొనుచుండిరి. ఆ ఆచారము చొప్పున నీల్స్ స్టెన్సెన్ నికొలాస్ స్టెనో అయినాడు. డెన్మార్కులో అప్పుడు వాడుకలో నున్న పాత పంచాంగము ప్రకారము 1638 జనవరి 1వ తేదీన కోపెన్‌హేగన్ నగరములో ఆయన జన్మించినాడు. తండ్రి పేరుగల స్వర్ణకారుడు. మూడవ ఏట పట్టుకొన్న జబ్బు ఆ పిల్లవానిని ఆరవ ఏటి వరకు విడువలేదు. ఈడు పిల్లలతో ఆడుకొనవలసిన కాలమంతయు ఇంటిలో పెద్దల నడుమ, వారి సంభాషణలు వినుచు గడచినది. జబ్బు నయమైన కొలది కాలమునకే తండ్రి మరణించినాడు. 1654, 1655 సంవత్సరములలో కోపెన్‌హేగన్‌ను ప్లేగు ముట్టడించినది. ఆయన చదువుచుండిన పాఠశాలలోనే 240 మంది విద్యార్థులు ఆ మహమ్మారికి బలియైనారు. మృత్యువును ఇంత దగ్గరగా చూచిన బాలుడు వైద్యవిద్యను ఎన్నుకొనుటలో ఆశ్చర్యము లేదు.

1656లో ఆయన కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయమున ప్రవేశించినాడు. శరీర నిర్మాణ శాస్త్రములో దేశదేశముల పేరు పొందిన తామస్ బార్తోలిన్ అక్కడ ఆయనకు గురువు. చదువు ప్రశాంతముగా సాగలేదు. 1658లో స్వీడన్ సైన్యములు నగరమును చుట్టుముట్టినవి. విద్యార్థులు సైతము నగర రక్షణకు పూనుకొనవలసి వచ్చినది. ఫిరంగుల మ్రోతల నడుమ, ఆకలి రోజులలో కూడ స్టెనో పుస్తకములను విడువలేదు. 1659లో ఆయన వ్రాసుకొన్న నోటు పుస్తకము ఒకటి నేటికిని భద్రముగా నున్నది. తాను చదివిన గ్రంథముల సారాంశములు, తన సొంత పరిశీలనలు, తన సందేహములు అందులో కలగాపులగముగా ఉన్నవి. గ్రంథములో చదివిన విషయమును కంటితో చూచి సరిపోల్చవలెనన్న పట్టుదల ఆ వయస్సుననే ఆయనకు కలిగినదని ఆ పుటలు తెలుపుచున్నవి.

1660లో ఆయన హాలండు వెళ్ళినాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో బ్లాసియుస్ అను అధ్యాపకుని ఇంట బస చేయుచు, ఒకనాడు గొఱ్ఱె తలను కోసి పరిశీలించుచుండగా, తన చేతిలోని సన్నని సలాక ఒక నాళములోనికి జారి పండ్లకు తగిలినది. చెవి దగ్గరి గ్రంథి నుండి నోటిలోనికి లాలాజలమును తెచ్చు నాళమది. అంతవరకు ఏ శరీర శాస్త్రజ్ఞుడును దానిని సరిగా వర్ణించి యుండలేదు. బ్లాసియుస్ ఆ ఆవిష్కారము తనదేనని వాదించినాడు. ఇరువది రెండేండ్ల విద్యార్థి ఒక వైపు, పేరున్న ఆచార్యుడు మరొక వైపు. స్టెనో తిట్టుకు తిట్టు బదులీయక, గ్రంథులను గూర్చి మరింత లోతుగా పరిశోధించి, ఒకదాని వెంట ఒకటిగా కొత్త సంగతులను ప్రకటించినాడు. తెలిసినవాడెవరో లోకమునకు తేటపడినది. వైద్యవిద్యార్థులు నేటికిని ఆ నాళమును స్టెన్సెన్ పేరుతోనే పిలుచుచున్నారు.

అటుపిమ్మట లైడన్ విశ్వవిద్యాలయములో ఉన్నప్పుడు ఆయన హృదయమును పరిశీలించినాడు. హృదయము జీవశక్తికి నిలయమనియు, శరీరమునకు వేడిని పుట్టించు కొలిమి అనియు నాటి పండితుల విశ్వాసము. స్టెనో దాని పోగులను ఒక్కొక్కటిగా విప్పి చూచి, హృదయము కూడ ఒక కండరమేనని తేల్చి చెప్పినాడు. 1665లో పారిస్ నగరమున మెదడును గూర్చి చేసిన ఉపన్యాసములో, మెదడును గూర్చి తమకు అంతయు తెలియునని చెప్పుకొను వారి లెక్కలను ప్రశ్నించి, మనకు తెలిసినది ఎంత స్వల్పమో ముందుగా ఒప్పుకొనవలెనని హెచ్చరించినాడు. మహాదార్శనికుడైన డెకార్టు మెదడును గూర్చి చెప్పిన విషయములు కూడ కోసి చూచినప్పుడు నిలువలేదని ఆ సభలో నిర్భయముగా తెలిపినాడు.

1666లో స్టెనో ఇటలీలోని టస్కనీ రాజ్యమునకు చేరినాడు. అక్కడి పాలకుడు గ్రాండ్ డ్యూక్ రెండవ ఫెర్డినాండో విజ్ఞానశాస్త్ర ప్రియుడు. గెలీలియో శిష్యులు ఆయన ఆస్థానములో ఇంకను ఉండిరి. ఆ సంవత్సరము అక్టోబరు మాసమున లివోర్నో రేవు సమీపమున జాలరులు ఒక బ్రహ్మాండమైన సొరచేపను పట్టినారు. ఆ వార్త విన్న గ్రాండ్ డ్యూక్ దాని తలను ఫ్లోరెన్సుకు పంపవలసినదిగా ఆజ్ఞాపించి, పరిశీలన బాధ్యతను స్టెనోకు అప్పగించినాడు.

ఆ తలను కోసిన స్టెనో దాని చర్మమును, కండ్లను, మెదడును వరుసగా వర్ణించినాడు. పండ్ల దగ్గరకు వచ్చునప్పటికి ఆయన చూపు అక్కడ నిలిచిపోయినది. దవడలలో పండ్లు వరుస వెనుక వరుసగా ఉన్నవి. లోపలి వరుసలలోనివి మెత్తని చిగుళ్ళలో దాగియున్నవి. ముక్కోణాకారము, పదునైన అంచులు, వెడల్పాటి మొదలు గల ఆ పండ్లు ఆయనకు అదివరకే తెలిసిన ఒక వస్తువును జ్ఞాపకమునకు తెచ్చినవి. అవి నాలుక రాళ్ళు.

నాలుక రాళ్ళ కథను ఇచ్చట కొంత చెప్పవలసియున్నది. మధ్యధరా సముద్రములోని మాల్టా ద్వీపములోను, ఇతర ప్రదేశములలోను బండలను పగులగొట్టినప్పుడు, మట్టిని త్రవ్వినప్పుడు నాలుక ఆకారము గల నున్నని రాళ్ళు బయటపడుచుండెను. ప్రాచీన రోమను రచయిత ప్లినీ కాలమున అవి చంద్రగ్రహణ సమయమున ఆకాశము నుండి రాలునని జనులు అనుకొనిరి. మాల్టా వాసులు అవి పూర్వము సెయింట్ పాల్ శాపము వలన రాళ్ళైపోయిన విషసర్పముల నాలుకలని చెప్పుకొనెడివారు. విషమునకు విరుగుడని నమ్మి ధనికులు వాటిని పానపాత్రలలో ముంచెడివారు, తాయెత్తులుగా ధరించెడివారు. పండితులలో పెక్కుమంది అవి బండలలో తమంతట తామే మొలచినవనియు, ప్రకృతి తన విలాసము కొఱకు పండ్ల ఆకారమును రాతిలో అనుకరించినదనియు తలచెడివారు.

ఆ రాళ్ళకును సొరచేప పండ్లకును పోలిక గలదని గుర్తించిన మొదటివాడు స్టెనో కాడు. 16వ శతాబ్దమున ఫ్రెంచి వైద్యుడు రాండెలే ఆ పోలికను చూచినాడు. 1616లో ఇటలీ పండితుడు ఫాబియో కొలొన్నా అవి సొరచేప పండ్లేనని వాదించినాడు. ఇంకను వెనుకకు పోయినచో, ఇబ్న్ సీనా తన కితాబుష్షిఫాలో, భూభాగములు పూర్వము సముద్రము క్రింద ఉండెననియు, అందువలననే రాళ్ళను పగులగొట్టినప్పుడు నత్తగుల్లల వంటి జలచరముల భాగములు కనిపించుచున్నవనియు వ్రాసి యుండెను. అల్‌బీరూనీ మన దేశపు మైదానములను చూచి, అవి నదులు తెచ్చిన ఒండ్రుతో పూడిన సముద్ర ప్రదేశములని ఊహించినాడు. మరి స్టెనో గొప్పతనమేమి? పోలికను చూచుట ఒక ఎత్తు, పోలికను నిరూపించుట మరొక ఎత్తు. మేఘములలో ఏనుగు ఆకారము కనిపించిన మాత్రమున ఆకాశములో ఏనుగు కలదని ఎవ్వరును అనరు. రాతిలో పన్ను ఆకారము కనిపించినంత మాత్రమున అది పన్ను ఎందుకు కావలెనని ప్రశ్నించిన వారికి సమాధానము కావలెను. ఆ సమాధానమును స్టెనో సమకూర్చినాడు.

1667లో ప్రకటించిన గ్రంథములో ఆయన చేసిన తర్కమును మా మాటలలో చెప్పుచున్నాము. ఒక వస్తువు గట్టి నేలలో మొలచి పెరిగినచో, దాని ఆకారము వంకరలు పోవలెను. బండల సందులలో పెరిగిన చెట్ల వేళ్ళు అట్లే నలిగి వంకరలగును. అది పెరుగునప్పుడు చుట్టునున్న నేల కూడ చీలవలెను. నాలుక రాళ్ళు మాత్రము మెత్తని మట్టిలో దొరికినను, గట్టి బండలో దొరికినను ఒకే తీరుగా ఉన్నవి. కొన్ని శిథిలమై పొడియగుచున్నవే గాని, అచ్చట కొత్తవి పెరుగుచున్న జాడ లేదు. కావున అవి నేలలో మొలచినవి కావు. ఆ నేల ఒకప్పుడు నీటిలో కలిసిన మెత్తని బురద. సొరచేపల పండ్లు అందులో పడి కూరుకొనిపోయినవి. తరువాత బురద గట్టిపడినది. పండ్లలోని పదార్థము మారినను ఆకారము నిలిచినది.

ఇంత బలముగా వాదించియు, స్టెనో దానిని తిరుగులేని సిద్ధాంతమని ప్రకటించలేదు. వీటిని జంతువుల అవయవములుగా భావించుటకు ఏ అడ్డంకియు కనిపించుట లేదని మాత్రము చెప్పి, ఎదుటి పక్షము వారి వాదమునకు చోటు విడిచినాడు. మాల్టాకు పోయి ఆ నేలను తాను స్వయముగా చూడలేదు. చూడని దానిని చూచినట్లు చెప్పుట ఆయన స్వభావము కాదు. ఆ కొరతను తీర్చుకొనుటకు రెండు సంవత్సరముల పాటు టస్కనీ కొండలలో, రాతి గనులలో, వాగుల గట్లలో తిరిగినాడు.

ఆ శ్రమ ఫలితము 1669లో ఫ్లోరెన్సులో వెలువడిన చిన్న పుస్తకము. ఒక ఘనపదార్థములో మరొక ఘనపదార్థము ఎట్లు చేరినది అన్నది అందులోని ప్రశ్న. రెండు గట్టి వస్తువులు ఒకదానిని ఒకటి తాకియున్నప్పుడు, ఏది తన ముద్రను రెండవ దానిపై వేసినదో అది ముందుగా గట్టిపడినది. పన్ను ముద్ర బండ మీద పడినది కాని, బండ ముద్ర పన్ను మీద పడలేదు. కనుక పన్ను ముందు, బండ తరువాత. పై ఆకారములోనే గాక లోపలి నిర్మాణములో కూడ రెండు వస్తువులు ఒకటిగా నున్నచో, అవి పుట్టిన తీరును, పుట్టిన చోటును కూడ ఒకటిగానే యుండును. ఇదే మేఘములోని ఏనుగుకును, రాతిలోని పన్నుకును గల భేదము.

అక్కడి నుండి ఆయన కొండల వైపు చూచినాడు. నీటిలోని మట్టి క్రిందికి దిగి పొరలుగా ఏర్పడును. క్రింది పొర గట్టిపడిన పిమ్మటనే పై పొర దానిపై నిలుచును గనుక, క్రిందిది పాతది, పైది కొత్తది. ఆ పొరలు మొదట సమతలముగా పరచుకొనును. నేడు ఏటవాలుగా గాని నిట్టనిలువుగా గాని కనిపించినచో, అవి తరువాత కదలినవని గ్రహించవలెను. అడ్డము లేనంత వరకు ఒకే పొర నలుదెసల వ్యాపించును. ఈ సూత్రములతో ఆయన టస్కనీ నేలకు ఆరు దశలు గల చరిత్రను కూర్చినాడు. ఆ నేల రెండుసార్లు నీట మునిగినది, రెండుసార్లు ఆరి సమతలమైనది, రెండుసార్లు విరిగి మిట్టపల్లములైనది. అంతవరకు గ్రంథములలో మాత్రమే వెదకిన పూర్వ చరిత్రను నేలలోనే చదువవచ్చునని ఈ చిన్న పుస్తకము చూపినది. 1671లోనే దానికి ఇంగ్లీషు అనువాదము వెలువడినది.

అయితే ఆ చరిత్ర ఎంత పొడవైనదో స్టెనో ఊహింపలేదు. కొన్ని వేల సంవత్సరములలోనే అంతయు ఇమిడియున్నదన్న తన కాలపు విశ్వాసమును ఆయన కూడ అంగీకరించినాడు. లక్షల, కోట్ల సంవత్సరముల లెక్క తరువాతి తరముల వారిది. క్రమమును ఆయన చెప్పినాడు, కాలమును వారు కొలిచినారు.

1669 నాటి పుస్తకము రాబోవు మహాగ్రంథమునకు ఉపోద్ఘాతము మాత్రమేనని ఆయన ప్రకటించినాడు. ఆ మహాగ్రంథము రానేలేదు. 1667లోనే ఆయన లూథరన్ సంప్రదాయమును విడిచి కాథలిక్ మతమును స్వీకరించినాడు. 1672లో డెన్మార్కు రాజు పిలుపు మేరకు కోపెన్‌హేగన్ వెళ్ళి శరీర శాస్త్రము బోధించినాడు గాని, ఆ దేశములో తన మతము వారికి స్వేచ్ఛ లేనందున 1674లో మరల ఫ్లోరెన్సుకు వచ్చినాడు. 1675లో మతగురువైనాడు. 1677లో బిషప్‌గా నియమితుడై హానోవర్‌కు వెళ్ళినాడు. అక్కడ ఆయనను కలిసిన గొప్ప తత్త్వవేత్త లైబ్నిట్జ్, ఇంతటి పరిశోధకుడు శాస్త్రమును విడిచినందుకు విచారించినాడు. తాను భూమిని గూర్చి వ్రాసిన గ్రంథములో స్టెనో భావములను ఎక్కువగా ఉపయోగించుకొన్నాడు.

శాస్త్రమును విడుచుట తగునా యని మా మిత్రులు అడుగవచ్చును. ఆయన అంతరాత్మకు మనము న్యాయమూర్తులము కాము. శవపరీక్ష బల్ల వద్ద ఏ నిష్ఠతో నిలిచినాడో, పేదల నడుమను అదే నిష్ఠతో నిలిచినాడని మాత్రము చెప్పవచ్చును. బిషప్ హోదాకు చిహ్నమైన ఉంగరమును, శిలువను కూడ అమ్మి ఆ ధనమును పేదలకు పంచినట్లు ఆయన జీవిత చరిత్రకారులు తెలుపుచున్నారు. మ్యూన్‌స్టర్‌లో 1683లో జరిగిన ఎన్నిక న్యాయముగా లేదని తోచి ఆ పదవిని విడిచి వెళ్ళినాడు. ఉపవాసములతో కృశించిన శరీరముతో, 1686లో జర్మనీ దేశపు ష్వెరిన్ పట్టణమున తీవ్రమైన కడుపునొప్పితో బాధపడి, నలువది ఎనిమిదవ ఏట కన్ను మూసినాడు. ఆయన భౌతికకాయమును ఫ్లోరెన్సుకు తెచ్చి సాన్ లొరెంజో దేవాలయమున ఖననము చేసినారు. 1988 అక్టోబరు 23వ తేదీన పోపు రెండవ జాన్ పాల్ ఆయనను ధన్యునిగా ప్రకటించినాడు.

స్టెనో మొదలిడిన పని అంతటితో ముగియలేదు. నాలుక రాళ్ళు సొరచేప పండ్లని తేలినది. మరి ఏ సొరచేపవి? లివోర్నో సొరచేప పండ్ల కంటె కొన్ని రాళ్ళు ఎన్నో రెట్లు పెద్దవి. స్టెనో కాలమున ఒక జీవజాతి పూర్తిగా నశించుననెడి భావమే లేదు. 1796లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కువియే పూర్వపు ఏనుగు జాతుల ఎముకలతో ఆ సంగతిని స్థాపించినాడు. పిమ్మట స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు లూయీ అగస్సీ 1833 నుండి 1843 వరకు వెలువరించిన శిలాజ మత్స్యముల గ్రంథములో ఆ పెద్ద పండ్లు గల సొరను ప్రత్యేక జాతిగా వర్ణించి, గ్రీకు భాషలో పెద్ద పన్ను అను అర్థము వచ్చునట్లు మెగలొడాన్ అని నామకరణము చేసినాడు.

సొరచేపల అస్థిపంజరము మృదులాస్థితో ఏర్పడినది గనుక అది సాధారణముగా శిలాజముగా నిలువదు. పండ్లు మాత్రము గట్టివి. పైగా ఒక సొరచేప తన జీవితకాలములో వేలకొలది పండ్లను రాల్చును. అందువలన శాస్త్రజ్ఞులకు పన్నే ప్రధాన సాక్షి. మెగలొడాన్ పన్ను కొన్ని సందర్భములలో సుమారు 18 సెంటీమీటర్ల వరకు ఉండును. దాని అంచున సన్నని రంపపు పళ్ళు సమముగా ఉండును. పన్ను కిరీటమునకును మొదలుకును నడుమ నల్లని పట్టీ వంటి భాగము కనిపించును. నేటి తెల్ల సొరచేప పన్నులో ఆ పట్టీ ఉండదు, రంపపు పళ్ళు మోటుగా ఉండును. అగస్సీ రంపపు అంచును చూచి రెండింటిని ఒకే ప్రజాతిలో చేర్చినాడు. తరువాతి వారు వరుసగా పాత పొరల నుండి కొత్త పొరల వరకు పండ్లను పోల్చి చూచి, మెగలొడాన్ పూర్వికుల పండ్లకు ఇరుప్రక్కల చిన్న మొనలు ఉండెననియు, కాలక్రమమున అవి మాయమైనవనియు కనుగొన్నారు. అందుచేత దానిని వేరొక వంశములో చేర్చుట నేడు ఎక్కువ మంది అంగీకరించుచున్నారు. ఆ మహామత్స్యము సుమారు 36 లక్షల సంవత్సరముల క్రిందట అంతరించినదని అంచనా. పోలిక స్టెనోకు దారి చూపినది. భేదము అగస్సీకిని ఆయన తరువాతి వారికిని దారి చూపినది. ఈ రెండును కలిసినప్పుడే గుర్తింపు పూర్తియగును.

ఈ విషయము మనకు దూరమైనది కాదు. ఒడిశా రాష్ట్రమున బారిపద సమీపమున గల పొరలలో మెగలొడాన్ పండ్లు దొరికినవి. మన ప్రాణహిత, గోదావరి లోయలోని కోట శిలాస్తరములలో రాక్షసబల్లుల ఎముకలతో పాటు చిన్న సొరచేపల పండ్లు కూడ లభించినవి. ఆ స్తరములకు ఎంతో దిగువన సింగరేణి బొగ్గు పొరలున్నవి. బొగ్గు పాతది, కోట స్తరములు కొత్తవి అని మన భూవిజ్ఞాన శాస్త్రజ్ఞులు చెప్పునప్పుడు వారు ఉపయోగించునది స్టెనో సూత్రమే.

పరీక్షల కొఱకు ఆ సూత్రములను కంఠస్థము చేయు మా విద్యార్థులు, వాటి వెనుక ఒక సొరచేప తల, రెండు సంవత్సరముల కొండల త్రోవ, తనకు తెలియని దానిని తెలియదనగల ఒక మనస్సు ఉన్నవని మరువకుందురు గాక. ప్రయోగశాలలో ఒక నమూనాను చేతికి తీసుకొన్నప్పుడు, ఇది దేనివలె నున్నదని మాత్రమే గాక, ఇది ఇక్కడికి ఎట్లు వచ్చినదని కూడ అడుగవలెను. స్టెనో అడిగిన ప్రశ్న అదియే.